చేతిరాతల్లో బైబిలు మారిపోయిందా?

ప్రశ్న: అచ్చుయంత్రం లేని రోజుల్లో శతాబ్దాల తరబడి చేతితో ఎత్తి రాసిన బైబిలులో అసలు మాటలే మిగిలాయని ఎలా నమ్మాలి?

జవాబు: ఇది అడగవలసిన ప్రశ్నే. సంపూర్ణ హీబ్రూ బైబిలు (పాత నిబంధన) ప్రతుల్లో అన్నిటికన్నా పాతదైన లెనిన్‌గ్రాడ్ ప్రతి క్రీ.శ. 1008 నాటిది. అయితే 1947లో మృత సముద్రం ఒడ్డున కుమ్రాను గుహలో బయటపడిన యెషయా గ్రంథపు చుట్ట క్రీస్తు పుట్టుకకు ముందే రాసినది. వెయ్యేళ్లకు పైబడిన ఎడమున్న ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి చదివితే అక్షరక్రమంలో, అక్కడక్కడా మాటల్లో తేడాలు చాలానే కనిపిస్తాయి గాని, ప్రవక్త చెప్పిన సందేశం మాత్రం అదే.

కొత్త నిబంధనలో ఇంతకన్నా పెద్ద తేడాలు లేకపోలేదు, వాటిని దాచడం విశ్వాసికి తగదని నా దృఢమైన అభిప్రాయం. వ్యభిచారంలో పట్టుబడిన స్త్రీని రాళ్లతో కొట్టబోయినవారిని యేసు నిలువరించిన ఘట్టం (యోహాను 8), మార్కు సువార్త చివరి పన్నెండు వచనాలు నాలుగవ శతాబ్దపు గ్రీకు బైబిలు చేతిరాతలైన సినాయి, వాటికన్ ప్రతుల్లో లేవు. నేటి అనువాదాలు చాలావరకు ఆ సంగతిని పుట అడుగునే తెలుపుతాయి. అయినా యేసు మరణ పునరుత్థానాల బోధ ఆ వచనాల మీదే ఆధారపడి లేదు. పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 15వ అధ్యాయంలోనూ అది స్పష్టంగా ఉంది. పాఠం నమ్మకంగా మనదాకా చేరినంత మాత్రాన అందులోని మాట సత్యమని రుజువు కాదు, నిజమే. ఆ విచారణ వేరుగా జరగాలి.