టెక్ సందేహాలు: పాత టర్బోకి బూస్ట్ పెంచే ముందు

ఈ వారం ప్రశ్నలన్నీ ఒకే షెడ్డు నుంచి వచ్చినట్టున్నాయి. 1980, 90ల నాటి టర్బో స్పోర్ట్స్ కార్లు, వాటికి కొత్త పార్టులు. టర్బో అంటే ఎగ్జాస్ట్‌తో తిరుగుతూ ఇంజన్‌లోకి గాలిని నెట్టేది, బూస్ట్ అంటే అది వాతావరణ పీడనం మీద అదనంగా పెంచే ఒత్తిడి. మొదటి ప్రశ్నకి జవాబు పొడుగైంది. మిగతా వాటిలో సగం సందేహాలు అక్కడే తీరతాయి.

మా దగ్గర 1991 నిస్సాన్ స్కైలైన్ ఆర్32 జీటీ-ఆర్ ఉంది. 25 ఏళ్లు దాటిన విదేశీ కార్లని అమెరికాలోకి రానిచ్చే నిబంధన కింద జపాన్ నుంచి తెప్పించుకున్నాం. ఇంజన్ ఇంతవరకు విప్పలేదు, ఈసీయూ (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్) ఫ్యాక్టరీదే. ఫ్లైవీల్ దగ్గర 400 హార్స్‌పవర్ వస్తే చాలు. సెరామిక్ టర్బోలు తీసి స్టీలువి వేద్దామనుకుంటున్నాను. ఇంకేం మార్చాలి? – ఒక పాఠకుడు, ఫ్రిస్కో, టెక్సస్

టర్బోలు మార్చాలన్న ఆలోచన సరైనదే. కొనే వరసలో మాత్రం అవి చివర రావాలి. ముందు కంప్రెషన్ టెస్ట్ చేయించండి. ఆరు సిలిండర్ల మధ్య తేడా 1 బార్ దాటితే, టర్బోల కోసం దాచిన డబ్బు ఇంజన్‌కే పోతుందని అర్థం. అది బాగుంటే కాగితం, పెన్ను తీసుకోండి.

పెట్రోలుతో మొదలుపెడదాం. టర్బో ఇంజన్ ఫుల్ లోడులో ఒక్కో హార్స్‌పవర్‌కి గంటకు సుమారు 250 గ్రాముల పెట్రోలు తాగుతుంది. 400 హార్స్‌పవర్‌కి గంటకు 100 కిలోలు, అంటే దాదాపు 134 లీటర్లు. దాన్ని ఆరు ఇంజెక్టర్లకి పంచితే ఒక్కోదానికి నిమిషానికి 373 సీసీ. ఫ్యాక్టరీ ఇంజెక్టర్ 444 సీసీది కాబట్టి 84 శాతం సేపు తెరుచుకునే ఉండాలి. 80 దాటితే నాకు నచ్చదు. ముప్పై ఏళ్ల ఇంజెక్టర్లలో ఏ ఒక్కటి కొంచెం మూసుకుపోయినా ఆ సిలిండర్ ఒక్కటే లీన్ అవుతుంది, అంటే దానికి పెట్రోలు చాలదు. ఎగ్జాస్ట్‌ని బట్టి గాలి-పెట్రోలు పాళ్లు కొలిచి, అన్ని సిలిండర్ల సగటు చూపించే వైడ్‌బ్యాండ్ మీటరులో అది కనిపించదు. 550 సీసీవి వేస్తే పని 68 శాతంలో అయిపోతుంది.

ఇక్కడ చాలామంది తప్పు చేస్తారు. మీ కారు ఇంజన్ ఆర్‌బీ26. దాని ఫ్యాక్టరీ ఇంజెక్టర్లు లో ఇంపీడెన్స్ (తక్కువ విద్యుత్ నిరోధం) రకం. వాటికి వరుసలో ఒక రెసిస్టర్ ప్యాక్ ఉంటుంది. ఇప్పుడు దొరికే కొత్త ఇంజెక్టర్లు ఎక్కువగా హై ఇంపీడెన్స్‌వి. వాటిని పెట్టి రెసిస్టర్ ప్యాక్‌ని బైపాస్ చేయకపోతే తెరుచుకోవడం ఆలస్యమై ఐడిల్ కుంటుతుంది. మల్టీమీటరుతో కొలవండి. 2–3 ఓమ్‌లు చూపిస్తే లో, 12 పైన చూపిస్తే హై.

పెట్రోలు పంపు పెట్టె మీద రాసిన లీటర్లు చూసి మోసపోకండి. ఇంజెక్టర్లకి పెట్రోలు అందించే రైలు పైపులో 3 బార్, దాని మీద బూస్ట్ 1.1 బార్. ఆ 4.1 బార్ ఒత్తిడి దగ్గర పంపు ఎంత ఇస్తుందన్నదే లెక్క. ఫుల్ లోడులో పంపు టెర్మినళ్ల దగ్గర వోల్టేజీ చూడండి. బ్యాటరీ దగ్గర 13.8 ఉండి పంపు దగ్గర 12 కన్నా తక్కువ ఉంటే, కొత్త పంపు కొన్నా పాత వైరే దాన్ని తినేస్తుంది. బ్యాటరీ నుంచి ఫ్యూజు, రిలేతో విడిగా మందపు వైరు లాగండి.

ఇప్పుడు గాలి. 100 కిలోల పెట్రోలుకి, పెట్రోలుకి 11.8 రెట్లు గాలి ఉండే మిశ్రమం అనుకుంటే, గంటకు 1,180 కిలోల గాలి కావాలి. నిమిషానికి 19.7 కిలోలు, ఒక్కో టర్బోకి 9.8 కిలోలు. 2,568 సీసీ ఇంజన్ 7,000 ఆర్‌పీఎం దగ్గర అంత మింగాలంటే, ఇన్‌టేక్ గాలి 50 డిగ్రీలుంటే 1.1 బార్ బూస్ట్ దాదాపు సరిపోతుంది. టర్బో కంపెనీ ఇచ్చే కంప్రెసర్ మ్యాప్ (గాలి ప్రవాహం, ఒత్తిడిని బట్టి టర్బో సామర్థ్యం చూపించే పటం) మీద పెట్టాల్సిన చుక్క మాత్రం వేరు. ఇంటర్‌కూలర్, పైపుల్లో 0.1 బార్ పోతుంది, ఫిల్టర్ దగ్గర 0.03 పోతుంది. అందుకని ప్రెషర్ రేషియో (టర్బో నుంచి వచ్చే ఒత్తిడిని లోపలికి వెళ్లే ఒత్తిడితో భాగిస్తే వచ్చేది) 2.1 కాదు, 2.25. ఆ చుక్క 72 శాతం ఎఫిషియెన్సీ గీతలో పడితే, బయటి గాలి 35 డిగ్రీలున్నప్పుడు టర్బో నుంచి వచ్చే గాలి 147 డిగ్రీలుంటుంది. 60 శాతం గీతలో పడితే దాదాపు 170. బూస్ట్ మీటరులో రెండూ ఒకేలా కనిపిస్తాయి. నాక్‌ని (మిశ్రమం అదుపు తప్పి పేలడాన్ని) పసిగట్టే సెన్సర్‌కి మాత్రం తేడా తెలుస్తుంది.

ఫ్యాక్టరీ ఎయిర్‌ఫ్లో మీటర్లు రెండూ 5.1 వోల్టుల దగ్గర ఆగిపోతాయి. ఆ పైన ఎంత గాలి వెళ్లినా ఈసీయూకి తెలియదు కాబట్టి పెట్రోలు పెంచదు. ఆ వోల్టేజీని లాగ్ చేయండి. 4.9 చూస్తే 80 ఎంఎం మీటర్లకైనా, ఇన్‌టేక్ ఒత్తిడిని కొలిచే మ్యాప్ సెన్సర్‌తో నడిచే ఈసీయూకైనా మారే సమయం వచ్చినట్టే. పాత మీటర్లలో సోల్డర్ పగుళ్లు మామూలే. ఇంజన్ ఐడిల్‌లో ఉండగా మీటరుని వేలితో తట్టండి. ఇంజన్ తడబడితే సంగతి అదే.

ఈ దశలో ఒక్క పనికి మాత్రం దూరంగా ఉండండి. బూస్ట్ సోలినాయిడ్‌కి వెళ్లే సన్న హోసులో చిన్న రిస్ట్రిక్టర్ ఉంటుంది. దాన్ని పీకేస్తే పైసా ఖర్చు లేకుండా బూస్ట్ 1 బార్ దగ్గరికి ఎక్కుతుంది. సెరామిక్ టర్బైన్ చక్రానికి ఆ వేడి, ఆ వేగం పడవు. చక్రం షాఫ్ట్ నుంచి ఊడి ఎగ్జాస్ట్‌లోకి పోతుంది. కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు. స్టీలు టర్బోలు బిగించేదాకా ఆ రిస్ట్రిక్టర్‌ని అలాగే ఉండనివ్వండి.

ఇక ఆయిల్. ఈ ఇంజన్‌ని ఎక్కువగా చంపేది ఇదే. తొలి ఆర్32 క్రాంక్ షాఫ్ట్‌లలో ఆయిల్ పంపుని తిప్పే భాగం చాలా సన్నగా ఉంటుంది. రెవ్ లిమిటర్‌ని పదేపదే కొడితే ఆ దెబ్బలకి పంపు గేరు పగులుతుంది. వెడల్పు కాలర్ వేయాలంటే ఇంజన్ దింపాలి. ఇప్పుడు దింపే ఉద్దేశం లేకపోతే లిమిటర్‌ని తగ్గించి పెట్టుకోండి, దాన్ని తాకకండి. రెండోది, పై ఆర్‌పీఎంలో ఆయిల్ హెడ్‌లోకి ఎక్కి, అంత వేగంగా కిందికి దిగదు. సంపు (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) ఖాళీ అవుతుంది. హెడ్ తీసే రోజు వస్తే, బ్లాకులోని రెండు ఆయిల్ దారుల్లో ఒకటి మూసి, రెండోదానికి 1.5 ఎంఎం రిస్ట్రిక్టర్ వేయడం చాలామంది బిల్డర్ల పద్ధతి. అప్పటిదాకా సంపులో బ్యాఫుల్ (ఆయిల్ పక్కకి పోకుండా ఆపే అడ్డు రేకు), ఒక ఆయిల్ ప్రెషర్ మీటరు పెట్టుకోండి.

స్పార్క్ ప్లగ్‌లు ఒక మెట్టు కోల్డ్‌వి (వేడిని త్వరగా వదిలేవి) వేసి, గ్యాప్ 1.1 నుంచి 0.8 ఎంఎంకి దించండి. ఎక్కువ బూస్ట్‌లో పెద్ద గ్యాప్‌ని పాత కాయిల్స్ దాటించలేవు, మిస్‌ఫైర్ వస్తుంది. ఈ కారు జపాన్ 100 ఆక్టేన్ పెట్రోలుకి ట్యూన్ చేసింది. మీ బంకులో 93 అని రాసినది జపాన్ లెక్కలో దాదాపు 98. ఇగ్నిషన్ టైమింగ్ ఆ మేరకు తగ్గించాలి. కాలిఫోర్నియాకి మారే ఆలోచన ఉంటే మాత్రం పార్టులు కొనే ముందే ఒక్కోదానికి అక్కడి ఎయిర్ రిసోర్సెస్ బోర్డు (గాలి కాలుష్య నియంత్రణ సంస్థ) మినహాయింపు నంబరు ఉందో లేదో చూడండి.

1987 పోర్షా 944 టర్బోకి మాన్యువల్ బూస్ట్ కంట్రోలర్ పెట్టాను. డ్యాష్‌బోర్డు మీటరులో ముల్లు 2 దాటగానే ఎవరో వెనక్కి లాగినట్టు కారు ఆగి, మళ్లీ అందుకుంటోంది. 2 బార్ బూస్ట్ మరీ ఎక్కువా? – ఒక పాఠకురాలు, మ్యూనిక్

మీకు వస్తున్నది 2 బార్ కాదండీ, 1 బార్. ఆ మీటరు వాతావరణ పీడనాన్ని కూడా కలిపి చూపిస్తుంది. ఇంజన్ ఆపి చూడండి, ముల్లు 1 దగ్గరే నిలబడుతుంది. ఫ్యాక్టరీ సెట్టింగులో అది సుమారు 1.75 దాకా వెళ్తుంది.

లాగుతున్నట్టు అనిపించేది ఫ్యూయల్ కట్. ఈ కారులో రెండు కంప్యూటర్లుంటాయి. డీఎంఈ పెట్రోలు, స్పార్క్ చూసుకుంటుంది. కేఎల్ఆర్ నాక్‌నీ బూస్ట్‌నీ చూసుకుంటుంది. ఒక సన్న హోసు నేరుగా కేఎల్ఆర్ పెట్టెలోకి వెళ్లి లోపలి సెన్సర్‌కి ఒత్తిడి చెబుతుంది. హద్దు దాటితే కట్. ఆ హోసులో చిన్న లీకు పెట్టి పెట్టెని మోసం చేసే చిట్కా చాలాచోట్ల కనిపిస్తుంది. చేయకండి. కట్ ఆగుతుంది, పెట్రోలు మాత్రం పెరగదు. పైగా ఈ కారు ఎయిర్‌ఫ్లో మీటరులో రెక్క పూర్తిగా తెరుచుకున్నాక, అంతకు మించి వెళ్లే గాలి లెక్కలోకే రాదు.

సరైన దారి రెండు పెట్టెలకీ జతగా ట్యూన్ చేసిన చిప్‌లు, వాటితో 2.5 బార్ ఫ్యూయల్ రెగ్యులేటర్ స్థానంలో 3 బార్‌ది. ఒత్తిడి వర్గమూలం లెక్కన పెట్రోలు దాదాపు 9.5 శాతం పెరుగుతుంది. చిప్ లేకుండా రెగ్యులేటర్ ఒక్కటే మారిస్తే ఐడిల్‌లో కూడా రిచ్ అవుతుంది (పెట్రోలు ఎక్కువవుతుంది). పాత వేస్ట్‌గేట్ (బూస్ట్ మించకుండా ఎగ్జాస్ట్‌ని టర్బో పక్కనుంచి పంపే వాల్వు) స్ప్రింగ్ నీరసించి ముందే తెరుచుకుంటుంది కాబట్టి డ్యూయల్ పోర్ట్ వేస్ట్‌గేట్ వేస్తే బూస్ట్ త్వరగా వస్తుంది. హెడ్ గాస్కెట్ ఎప్పుడు మార్చారో రికార్డు లేకపోతే, ముందు వెడల్పు ఫైర్ రింగ్ ఉన్న గాస్కెట్ వేయించండి. ట్రాక్ మీద నడిపేవాళ్లయితే రెండో సిలిండర్ రాడ్ బేరింగ్ కూడా చూడాలి. పొడవైన వంపుల్లో మొదట ఆయిల్ అందనిది దానికే.

జర్మనీలో ఇవన్నీ బండి కాగితాల్లో ఎక్కాలి. పార్టుతో పాటు టైలెగూట్‌ఆఖ్టెన్ లాంటి ఆమోద పత్రం రాకపోతే టీయూవీ (వాహనాలని తనిఖీ చేసే సంస్థ) దగ్గర విడిగా పరీక్ష చేయించాలి. కొన్నాక కాదు, కొనే ముందే అక్కడి ఇన్‌స్పెక్టరుతో మాట్లాడండి. పాతకాలపు కార్లకిచ్చే హెచ్ నంబరు ప్లేటు ఉంటే మరీ ముఖ్యం.

మెకానికల్ మూడో ఏడు చదువుతున్నాను. ప్రాజెక్టుగా ఆర్‌బీ26కి ఇన్‌టేక్ ప్లీనమ్ (సిలిండర్లకి గాలి పంచే గది) డిజైన్ చేస్తున్నాం. 3డీ ప్రింటు చేసి నేరుగా బిగించొచ్చా? – ఒక విద్యార్థి, కాకినాడ

ఫిట్‌మెంట్ చూడటానికి బిగించొచ్చు, నడపడానికి కాదు. ప్రింటర్ ప్లాస్టిక్‌లలో పీఎల్‌ఏ 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది, పీఈటీజీ 80, ఏబీఎస్ 100 దగ్గర. ఇంటర్‌కూలర్ తర్వాత గాలి చల్లగానే ఉన్నా, హెడ్‌కి తగిలే ఫ్లాంజ్ ఇంజన్ వేడి మీదే ఉంటుంది. దానికి తోడు లోపల 1 బార్. పది సెంటీమీటర్ల చదరం ఉన్న గోడ మీద అది 100 కిలోల బరువు పెట్టినట్టు.

కొలతలకి ఖరీదైన స్కానర్ అక్కర్లేదు. కొత్త ఇన్‌టేక్ గాస్కెట్‌ని ఆఫీసు ఫ్లాట్‌బెడ్ స్కానర్ మీద, పక్కన స్టీలు స్కేలు పెట్టి, 300 డీపీఐలో స్కాన్ చేయండి. ఒక్కో పిక్సెల్ 0.085 ఎంఎం. ఆ బొమ్మని క్యాడ్‌లో పెట్టి స్కేలుతో సరిచూసుకోండి. బోల్టు రంధ్రాల మధ్య దూరాలు మాత్రం వెర్నియర్‌తోనే తీసుకోండి, గాస్కెట్ రంధ్రాలు వదులుగా ఉంటాయి. ప్రింటు బిగించాక బానెట్ మూసి చూడాలి. ఇంజన్ మౌంట్ల మీద ఊగుతుంది కాబట్టి చుట్టూ కనీసం 15 ఎంఎం ఖాళీ ఉండాలి. బానెట్ లోపలి వైపు తగులుతుందేమో చూడటానికి ప్లీనమ్ మీద మైదా ముద్దలు పెట్టి మూయండి. నలిగిన ముద్ద మందమే మీకు మిగిలిన ఖాళీ.

అసలు పార్టు అల్యూమినియంలో పోత పోయించేటప్పుడు ప్యాటర్న్ 1.3 శాతం పెద్దగా ఉండాలి, లోహం చల్లారి కుంచించుకుంటుంది. ఫ్లాంజ్ ముఖాల మీద అదనంగా 3 ఎంఎం వదలండి, మిల్లింగ్‌లో పోతుంది. పోతలో సన్న రంధ్రాలుంటే బూస్ట్ కారుతుంది. లోపల గాలి కాదు, నీళ్లు నింపి 2.5 బార్ ఒత్తిడితో పరీక్షించండి. గాలితో చేస్తే పగిలినప్పుడు ముక్కలు ఎగురుతాయి. ప్లీనమ్ చివర ఉన్న ఆరో సిలిండర్‌కి గాలి ఎక్కువ పోతుందేమో ఫ్లో సిమ్యులేషన్‌లో చూడండి. ప్రాజెక్టులో అసలు మార్కులు అక్కడే. కాలేజీ టెస్ట్ బెంచి మీద పరవాలేదు గానీ, మన రోడ్ల మీద తిరిగే బండికి ఇలాంటి మార్పులకి మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 అడ్డొస్తుంది.

వైడ్‌బ్యాండ్ సెన్సర్ ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌లో పెట్టమంటున్నాడు వెల్డరు. సరేనా?

వద్దు. టర్బోకి ముందు ఒత్తిడి, వేడి ఎక్కువ. రీడింగు తప్పుతుంది, సెన్సర్ త్వరగా పోతుంది. టర్బో తర్వాత 60 నుంచి 90 సెంటీమీటర్ల దూరంలో, పైపు పై సగంలో, అడ్డంగా కాకుండా కనీసం 10 డిగ్రీలు పైకి వంచి పెట్టించండి. లేకపోతే చల్లటి ఉదయం స్టార్ట్ చేసినప్పుడు నీటి బిందువు సెన్సర్ మీద పడి లోపలి సెరామిక్ పగులుతుంది.

1991 టయోటా ఎంఆర్2 టర్బోలో పాత సీటీ26 టర్బో తీసి బాల్ బేరింగ్ టర్బో వేశాను. ఐడిల్‌లో నీలం పొగ. అమ్మినవాళ్లు టర్బో బాగానే ఉందంటున్నారు. – మెల్‌బోర్న్ పాఠకుడు

వాళ్ల మాట నిజమే అయ్యుండొచ్చు. పాత టర్బోకి ఆయిల్ ధారాళంగా కావాలి, బాల్ బేరింగ్‌కి చాలా కొంచెం చాలు. పాత ఫీడ్ లైనే వాడి ఉంటే లోపల ఆయిల్ నిండిపోయి సీళ్లు దాటుతుంది. టర్బో ఆయిల్ ఇన్‌లెట్‌లో 1 ఎంఎం రిస్ట్రిక్టర్ ఉందో లేదో చూడండి. అది ఉన్నా పొగ వస్తుంటే రిటర్న్ పైపు చూడండి. లోపలి రంధ్రం 12 ఎంఎం కన్నా సన్నగా ఉండకూడదు, ఎక్కడా పైకి వంగకూడదు, సంపులో ఆయిల్ మట్టానికి పైనే కలవాలి. టర్బోని గుండ్రంగా తిప్పి బిగించినప్పుడు డ్రెయిన్ నిటారు నుంచి 35 డిగ్రీలకి మించి పక్కకి వాలకూడదు. చివరగా ఆయిల్ ఫిల్లర్ మూత తీసి, ఐడిల్‌లో ఆ రంధ్రం మీద ప్లాస్టిక్ కవరు పట్టుకోండి. కవరు బుడగలా ఉబ్బితే పొగ టర్బోది కాదు, పిస్టన్ రింగులదో, ఇంజన్ లోపలి ఆవిర్లని లాగేసే పీసీవీ వాల్వు మూసుకుపోయినందుకో. వాల్వు చవక, ముందు దాన్నే మార్చి చూడండి.