వీల్ గన్ను కొనేముందు
బిడ్డా,

నువ్వు బ్యాటరీ ఇంపాక్ట్ రెంచి, అదే చక్రాల నట్లు తిప్పే వీల్ గన్ను, కొంటున్నావని, ఇక కారు చక్రాలు ఇంటి దగ్గర నువ్వే మారుస్తావని మీ అమ్మ నిన్న ఫోన్లో చెప్పింది. వినగానే కడుపు నిండిపోయింది. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. చిన్నప్పుడు ములుగు రోడ్డులో మన టైర్ల షాపుకొచ్చి, పాత టైరు మీద కూర్చుని పళ్లెంలో నట్లు సైజు ప్రకారం ఏరిపెట్టేదానివి. ఆ వేళ్లే గుర్తొచ్చాయి.

మెషీను సంగతి తొందరగా చెప్తా. అర ఇంచు డ్రైవ్ (సాకెట్ తగిలించే చదరపు మొన), బ్రష్‌లెస్ మోటారు, 18 లేదా 20 వోల్టుల బ్యాటరీ ఉన్నది చూడు. డబ్బా మీద తిప్పే బలం 1000 న్యూటన్ మీటర్లని రాసి ఉందని మోజు పడకు. మన చిన్న కార్ల నట్లు బిగించేది దాదాపు 85 నుంచి 120 లోపే. నీ కారుది ఎంతో మాన్యువల్‌లో ఉంటుంది. పట్టేసిన నట్టు ఊడదీయడానికి 350, 400 ఉంటే చాలు. చేతి పానా సెట్టులో వచ్చే తళతళలాడే సాకెట్లు మాత్రం గన్నుకు పెట్టకు, పగిలితే ముక్కలు ముఖానికి ఎగురుతాయి. నల్లటి ఇంపాక్ట్ సాకెట్లే కొను. మారుతికి ఎక్కువగా 19 మిల్లీమీటర్ల సైజు, హ్యుందాయ్‌కి 21 పడుతుంది. వీటితో పాటు టార్క్ రెంచి కొను, మనం పెట్టిన లెక్కకు నట్టు బిగియగానే అది టక్కుమంటుంది. రెండింటికీ డబ్బు చాలకపోతే గన్నే మానెయ్.

ఎందుకంటున్నానో విను. ఒకసారి మేడారం జాతరప్పుడు షాపు ముందు జీపులు లైను కట్టాయి. ఒక జీపు నిండా పిల్లలు, ముందు సీట్లో ఒడిలో బంగారం, అదే అమ్మవార్ల మొక్కు బెల్లం, మూట పెట్టుకున్న ముసలమ్మ. ఎడమ ముందు చక్రం పంచర్. నేను తొందరలో స్టెప్నీ ఎక్కించి, నట్లు సాకెట్లో పెట్టి నేరుగా గన్నుతోనే తిప్పేశా. ఒక నట్టు వంకరగా ఎక్కింది. గన్ను టకటకా కొట్టింది, బిగిసిందనుకున్నా. అది చక్రాన్ని పట్టిన చప్పుడు కాదు బిడ్డా. నట్టు సగంలోనే మర కొరుక్కుని ఇరుక్కున్న చప్పుడు. చక్రం ఊగుతూనే పస్రా దాకా పోయింది. అక్కడ స్టడ్డు, అంటే నట్టు ఎక్కే బోల్టు, తెగింది. డ్రైవర్ చప్పుడు విని ఆపాడు కాబట్టి సరిపోయింది.

సాయంత్రం అతను బస్సులో వచ్చి ఆ ముక్క నా అరచేతిలో పెట్టాడు. తెగిన చోట వెండిలా మెరుస్తోంది, మర పళ్లు విరిగిన దువ్వెనలా ఉంది. తిట్టలేదు. "అన్నా, బండ్ల ఆరుగురు పిల్లలున్నరే" అన్నాడంతే. నోరు పెగల్లేదు నాకు. ఆ ముక్క ఇప్పటికీ నా గల్లాపెట్టెలోనే ఉంది.

అందుకే ప్రతి నట్టూ వేళ్లతోనే మొదలుపెట్టు. మూడు నాలుగు చుట్లు వేళ్లకే తిరగాలి. తిరగలేదా, తీసి మళ్లీ పెట్టు. గన్ను తక్కువ స్పీడులో ఆనించేవరకే, అదీ ఎదురెదురు నట్లు. కారు దించాక టార్క్ రెంచి టక్కుమనేదాకా చేత్తో బిగించు. మరకు నూనె రాయకు, రాస్తే లెక్క తప్పి ఎక్కువ బిగుస్తుంది. ఓ 50, 100 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ చూడు.

జాకీ అంటే నాకు ఇప్పటికీ భయమే. చదును నేల, హ్యాండ్‌బ్రేకు, మొదటి గేరు, ఎదుటి చక్రానికి రాయి. తీసిన చక్రాన్ని కారు అంచు కిందికి తోయి, జాకీ జారితే కారు దాని మీద ఆగుతుంది. కింద ఏదైనా పడితే పుల్లతో లాగు. చెయ్యి పెట్టావో, నేను ఊరుకోను.

మన ఎండలకు బ్యాటరీని డిక్కీలో వదలకు. కారుతో వచ్చిన పానా మాత్రం అక్కడే ఉండనీ. రాత్రిపూట హైవే మీద పంచరైతే మలుపులో, చీకట్లో దిగకు. మెల్లగా వెలుతురున్న పెట్రోల్ బంకు దాకా నడుపు. టైరు పాడైతే పాడవనీ, ఇంకోటి నేను కొనిస్తా.

ఆదివారం పొద్దున కాజీపేట వస్తున్నా, రెండు జాక్ స్టాండ్లు తెస్తా. నేను వచ్చేదాకా కారు లేపకు.

మీ మామ