కోలన్ తీసేయమని అడిగే ముందు

అల్లుడూ,

నీ మెయిల్ రెండుసార్లు చదివాను. మహబూబ్‌నగర్‌లో డిగ్రీ పిల్లలకు పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష చెప్తూ, షరతు రాసే ఇఫ్ లైన్ చివర పెట్టాల్సిన కోలన్ (:) మర్చిపోయి రోజూ ఎర్రర్లు తెచ్చుకునేవాళ్లను చూసి చూసి, అసలు ఆ కోలనే భాషలోంచి తీసేయమని పైథాన్ తయారుచేసేవాళ్లకు ప్రతిపాదన పెడతానన్నావు. పెట్టు. క్లాసులో పిల్లల పక్కన నిలబడి చూసినవాడి మాటకు బరువుంటుంది. కానీ నాకు పంపినది పంపినట్టు వాళ్ల ముందు పెడితే నాలుగు ప్రశ్నలడిగి పక్కన పెట్టేస్తారు, నువ్వు మనసు పాడుచేసుకుంటావు.

ముందు ఆ కోలన్ ఎక్కడి నుంచి వచ్చిందో చూడు. పైథాన్ చేసిన గిడో వాన్ రోసమ్ అంతకుముందు ఆమ్‌స్టర్‌డామ్‌లో ఏబీసీ అనే భాష మీద పనిచేశాడు. అదీ కొత్తగా నేర్చుకునేవాళ్ల కోసం చేసిందే. కోలన్ ఉంటే చదవడం తేలికని ఆ ఏబీసీ అనుభవంలోనే తేలింది, పైథాన్ సొంత డాక్యుమెంటేషన్‌లో ఈ ప్రశ్నా ఉంది, దానికి జవాబూ ఉంది. అంటే నువ్వు కొత్తవాళ్ల పేరు చెప్పి తీసేయమంటున్నది కొత్తవాళ్ల కోసమే ఉంచినది. ఈ సంగతి నీ ప్రతిపాదనలో నువ్వే ముందుగా రాయాలి. ఎదుటివాళ్లు ఎత్తి చూపేదాకా ఆగితే, చదవకుండా వచ్చాడని అనుకుంటారు, ఆ తర్వాత ఎంత మంచి మాట చెప్పినా వినరు.

రెండోది, నా లెక్కలో ఇదే అన్నిటికంటే ముఖ్యం. పిల్లలు ఆగిపోతున్నది కోలన్ దగ్గరా, లేక ఎర్రర్ అర్థం కాకనా? పాత వెర్షన్లలో కోలన్ మర్చిపోతే "ఇన్‌వాలిడ్ సింటాక్స్" అని మాత్రం వచ్చేది, దాన్ని చూసి పిల్లవాడికి ఏం తెలుస్తుంది? 2021 అక్టోబర్‌లో వచ్చిన 3.10 నుంచి అక్కడ కోలన్ ఉండాలని నేరుగా చెప్తుంది. మీ ల్యాబులో ఏ వెర్షన్ ఉందో ఒకసారి చూడు. 3.6 గానీ 3.8 గానీ ఉంటే నీ కష్టంలో సగం అప్‌డేట్‌తోనే పోవచ్చు, భాషను ముట్టుకోవాల్సిన పని ఉండకపోవచ్చు.

నేనెందుకు ఇంత పట్టుబట్టి చెప్తున్నానంటే, భాష మారినప్పుడు కింద ఉన్నవాళ్ల పరిస్థితి నేను చూశాను. మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లుకు పైథాన్ 2లో లెక్కల ప్రోగ్రాం రాసిచ్చాను, చాలా ఏళ్లు నడిచింది. పైథాన్ 2కు 2020 జనవరి 1తో సపోర్టు ఆగిపోతుందని తెలిసి 3కు మార్చడానికి కూర్చున్నాను. 3లో ప్రింట్ ఆదేశానికి బ్రాకెట్లు తప్పనిసరి, అవి పెట్టడం పెద్ద పనేం కాదు, 2 నుంచి 3కు మార్చే టూల్ అప్పట్లో ఉండేది, ఎక్కడైనా మిగిలితే ప్రోగ్రాం అరిచి చెప్తుంది. దెబ్బ కొట్టింది భాగహారం. ధాన్యం కిలోలను 75తో భాగించి బస్తాలు తీసే చోట, పైథాన్ 2లో 1000ని 75తో భాగిస్తే 13 వచ్చేది, 3లో 13.33 వస్తుంది. ఎర్రర్ లేదు, హెచ్చరిక లేదు, ఆ టూల్ కూడా దీన్ని మార్చలేదు. రెండు రోజులు తప్పు బిల్లులు పోయాయి, మిల్లు గుమస్తా చేత్తో లెక్క వేసుకుని వచ్చి చూపించేదాకా నాకు తెలియలేదు. సాగర్ ఎడమ కాలువ మీద పైన ఎవరో తమ సౌకర్యానికి తూము ఎత్తితే చివరి ఆయకట్టు రైతుకు పొలం ఎండాకే తెలుస్తుంది చూడు, అట్లాంటిదే ఇది. నీ మార్పు వల్ల పాత ప్రోగ్రాం ఆగుతుందా, ఆగకుండా వేరే అర్థంతో నడుస్తుందా అన్నది నువ్వు రాసి తీరాలి.

కోలన్ తీసేస్తే అట్లాంటి చోట్లు ఉన్నాయా? ఉన్నాయి. ఇఫ్, షరతు, పని మూడూ ఒకే లైన్లో రాసేవాళ్లు చాలామంది. కోలన్ లేకపోతే ఇఫ్ ఏ తర్వాత బ్రాకెట్లో బీ కనిపిస్తే, అది ఏ అనే ఫంక్షన్‌ను, అంటే పేరు పెట్టి ఉంచుకున్న కోడ్ ముక్కను, పిలవడమా, లేక షరతు ఏ దగ్గరే అయిపోయి పని మొదలైందా? లైన్ చివర ఉన్నప్పుడు మాత్రమే తీసేద్దాం అంటావా, అప్పుడు కోలన్ పెట్టేవాళ్లూ పెట్టనివాళ్లూ ఇద్దరూ ఉంటారు, నీ పిల్లలు రెండూ నేర్చుకోవాలి. 3.9 కోసం కొత్త పార్సర్ (రాసిన కోడ్‌ను చదివి అర్థం చేసుకునే భాగం) తయారయ్యాక ప్రింట్‌ను మళ్లీ బ్రాకెట్లు లేకుండా రాయనిద్దామా అని 2020లో గిడోనే అడిగాడు. అంతటివాడు అడిగినా ఒప్పుకోలేదు.

రాసే పద్ధతి కూడా తెలుసుకో. ముందు ఆలోచనగా చర్చకు పెట్టాలి, తర్వాత పైథాన్‌ను నేరుగా మార్చే అధికారం ఉన్న కోర్ డెవలపర్లలో ఒకరు స్పాన్సర్‌గా నిలబడాలి, అప్పుడే అది పెప్ (భాషలో మార్పుకు రాసే అధికారిక ప్రతిపాదన పత్రం) అవుతుంది, చివరికి ఐదుగురు సభ్యుల స్టీరింగ్ కౌన్సిల్ తేలుస్తుంది. పెప్‌లో "దీన్ని ఎలా నేర్పాలి" అని ఒక భాగం ఉంటుంది. మిగతావాళ్లు దాన్ని రెండు ముక్కల్లో ముగిస్తారు, నువ్వు మాత్రం మనసు పెట్టి రాయి, అది నీ పొలం.

చర్చలో గొంతు పెంచకు. వాల్రస్ ఆపరేటర్ (:= అనే గుర్తు) మీద 2018లో ఎంత లొల్లి అయిందంటే, దాన్ని ఒప్పుకున్నాక ఆ జులైలోనే గిడో తుది నిర్ణయాలు తీసుకునే బాధ్యత వదిలేశాడు. ఆపరేటర్ మాత్రం 2019 అక్టోబర్‌లో 3.8తో వచ్చేసింది. దాని పెప్ తెరిచి చూడు, నిజంగా వాడుకలో ఉన్న కోడ్ తీసి, మార్పుకు ముందు ఎట్లా ఉంది, తర్వాత ఎట్లా ఉంటుంది అని పక్కపక్కన పెట్టి చూపించారు. నువ్వూ అదే చెయ్యి. పిల్లలు నిజంగా రాసిన ప్రోగ్రాములు ఇరవై తీసుకో, పేర్లు తీసేయి. ఒక్కోదానిలో ఏ తప్పు దగ్గర ఎంతసేపు ఆగారో రాసుకో, కోలన్ తప్పులు ఎన్ని, ఇండెంటేషన్ (లైన్ ముందు వదిలే ఖాళీ) తప్పులు ఎన్ని, స్పెల్లింగ్ తప్పులు ఎన్ని అని లెక్క తియ్యి. ఇండెంటేషన్ తప్పులే ఎక్కువ తేలితే ఏం చేస్తావో కూడా ఇప్పుడే ఆలోచించుకో.

ఆ ఇరవై ముందు నాకు పంపు, ఆదివారం ఖాళీగానే ఉంటాను. అక్కను అడిగానని చెప్పు.

మామయ్య
మిర్యాలగూడ