రెబెకా ముందు కన్నీళ్లెందుకు?

ప్రశ్న: మొన్న ఆదివారం పిల్లల్ని తీసుకుని సాలార్‌జంగ్ మ్యూజియంకి వెళ్లాం. మేలిముసుగు రెబెకా బొమ్మ ముందు నిలబడేసరికి ఒళ్లు జలదరించి కళ్లలో నీళ్లొచ్చేశాయి, తల మీద కొంగు కప్పుకుని గుడికి బయల్దేరే మా అమ్మే గుర్తొచ్చింది. మా ఆయనేమో "రాయే కదా, పద, గడియారం టైమవుతోంది" అన్నారు. నాకేమన్నా అయిందా, ఆయనకి అందం అంటే తెలీదా?
- ఒక పాఠకురాలు, మలక్‌పేట

జవాబు: మీకేం కాలేదమ్మా, హాయిగా ఉండండి. ఇటలీ శిల్పి బెంజోని చెక్కిన ఆ బొమ్మని మొదటి సాలార్‌జంగ్ 1876లో రోమ్‌లో కొని తెచ్చారు, చూస్తే పల్చటి బట్ట, ముట్టుకుంటే పాలరాయి, దాని ముందు నేనూ చాలాసార్లు కదల్లేక నిలబడిపోయాను.

మీ కన్నీళ్లకి జవాబు అమ్మ గుర్తురావడంలోనే ఉందని నాకనిపిస్తోంది. 2012లో వచ్చిన ఒక అమెరికా స్టడీలో 16 మందిని స్కానర్‌లో పడుకోబెట్టి పెయింటింగ్స్ చూపించారు, ఒకరిని కదిలించింది ఇంకొకరిని కదిలించలేదు, కానీ ఎవరికైనా బాగా మనసుకి తగిలిన బొమ్మ దగ్గర మాత్రం మెదడులో డిఫాల్ట్ మోడ్ నెట్‌వర్క్ అనేది పనిచేసింది. ఇది మన గురించి మనం ఆలోచించుకునేటప్పుడు, పాత సంగతులు తలుచుకునేటప్పుడు కలిసి పనిచేసే మెదడు భాగాల అల్లిక, మామూలుగా బయటి వస్తువుల్ని చూస్తున్నప్పుడు నెమ్మదిస్తుంది. అంటే అంతగా నచ్చినదాన్ని చూస్తూనే మనం మన లోపలికి కూడా చూసుకుంటున్నాం అన్నమాట, మీరు చూసింది రెబెకానీ, మీ అమ్మనీ కూడా.

ఇక మీ ఆయన సంగతి. లండన్‌లో మెదడు శాస్త్రవేత్త సెమిర్ జెకి బృందం 2014లో 15 మంది లెక్కల పండితులకి 60 సూత్రాలు చూపిస్తే, అందంగా ఉందనిపించినప్పుడల్లా మెదడులో నుదుటి వెనక ఒక చోట చురుకుదనం పెరిగింది, బొమ్మలకీ సంగీతానికీ స్పందించే చోటే అది! మనలో చాలామందికి తలనొప్పి తెప్పించే లెక్క వాళ్లకి పాటలాంటిది. (అందులో మన రామానుజన్ సూత్రం ఒకదానికి బాగోలేదని మార్కులు పడ్డాయి, చదివి నిజంగా బాధేసింది.) కాబట్టి ఆయనకి అందం ఆ గడియారంలో కనిపిస్తుందేమో, అందం తెలీదని మాత్రం అనకండి.

పైగా సంగీతం వింటూ పులకరించేవాళ్ల మీద 2011లో మాంట్రియల్‌లో చేసిన స్టడీలో, ఒళ్లు పులకరించే ఘట్టం రాకముందే, ఎదురుచూపులోనే మెదడులో డోపమైన్ అనే ఆనందానికి సంబంధించిన రసాయనం విడుదలైందని తేలింది. మ్యూజియంలోని ఆ గడియారంలోంచి చిన్న బొమ్మ బయటికొచ్చి గంట కొట్టేదాకా జనం ఊపిరి బిగబట్టి కూర్చుంటారు చూడండి, అక్కడా అలాంటిదే జరుగుతుందేమో. ఈసారి ముందు మీరు ఆయన పక్కన కూర్చోండి, తర్వాత ఆయన్ని రెబెకా దగ్గరికి తీసుకెళ్లి మీ అమ్మగారి కొంగు సంగతి చెప్పండి.