ఎలుకలు చస్తున్నాయని రేబిస్ టీకా ఆపేయొచ్చా?

ప్రశ్న: నా వయసు 34. నాలుగు రోజుల క్రితం వీధికుక్క పిక్క మీద రక్తం వచ్చేలా కరిచింది. ప్రభుత్వాసుపత్రిలో రెండు డోసులు వేశారు. రేబిస్ టీకా ప్రతి బ్యాచ్‌నీ పరీక్షించడానికి ఎలుకల మెదడులోకి వైరస్ ఎక్కిస్తారని చదివాక మనసొప్పడం లేదు. మిగతా డోసులు మానేయొచ్చా? జంతువులతో పనిలేని టీకా లేదా?
- ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: మానకండి. లక్షణాలు మొదలయ్యాక రేబిస్ నుంచి బతికి బయటపడటం దాదాపు అసాధ్యం. పైగా మీకు వేసే టీకా పరీక్ష అది ఆసుపత్రికి రాకముందే అయిపోయింది. ఇప్పుడు మీరు వద్దన్నా ఆ ఎలుకలేవీ తిరిగి రావు.

ముందు ఒక సంగతి. రక్తం వచ్చిన కాటు మూడో కేటగిరీ, అంటే అన్నిటికన్నా తీవ్రమైనది. టీకాతో పాటు గాయం లోపల, చుట్టూ సీరం (రేబిస్‌ను అడ్డుకునే సిద్ధంగా ఉన్న యాంటీబాడీలు) కూడా ఎక్కించాలి. మీ లేఖలో ఆ మాటే లేదు. మొదటి డోసు తర్వాత ఏడు రోజులు దాటితే దాన్ని ఇవ్వరు, కాబట్టి ఇవాళే వెళ్లి అడగండి. గుర్రాల రక్తం నుంచి తీసిన సీరం కిలో బరువుకు 40 యూనిట్లు, మనుషులది 20. జంతువుల రక్తం వద్దనుకుంటే సీరం బదులు మోనోక్లోనల్ యాంటీబాడీ (ఒకే రకం యాంటీబాడీతో చేసిన మందు) ఉంది. రేబిషీల్డ్ అనే బ్రాండ్ అయితే కిలోకు 3.33 యూనిట్లు, ల్యాబ్‌లో పెంచిన కణాల్లో తయారవుతుంది. అది దొరకలేదని మాత్రం ఆగొద్దు.

ఇక ఎలుకల విషయం. మీరు చదివింది నిజమే. కొన్ని చిట్టెలుకలకు వారం తేడాతో రెండుసార్లు టీకా వేసి, 14వ రోజున మెదడులోకి రేబిస్ వైరస్ ఎక్కించి, ఎన్ని బతుకుతాయో మరో 14 రోజులు చూస్తారు. ఒక్కో పరీక్షకు వందకు పైగా ఎలుకలు కావాలి. డోసుకు కనీసం 2.5 యూనిట్ల బలం తేలాలి. నా అభ్యంతరం జాలితో ఆగేది కాదు, ఈ పరీక్ష కొలత కూడా నిలకడగా ఉండదు. ఎలుకల జాతి, సూది వేసే చెయ్యి, వైరస్ మోతాదు ఏది మారినా ఫలితం మారుతుంది. తేడా వస్తే మళ్లీ పరీక్ష, మళ్లీ ఎలుకలు. చచ్చేదాకా చూడకుండా, నరాల లక్షణాలు కనపడగానే బాధ లేకుండా ప్రాణం తీసే పద్ధతి వచ్చింది. అది కొంత నయం.

ప్రత్యామ్నాయం ఎలీసా అనే ల్యాబ్ పరీక్ష. వైరస్ పైపొరలోని జి ప్రొటీన్ టీకాలో ఎంతుందో పళ్లెంలోనే కొలుస్తారు. చిక్కంతా ఒక్కచోటే: చెడి ఆకారం మారిన ప్రొటీన్‌ను కూడా లెక్కిస్తే బలహీనమైన టీకా పాసైపోతుంది. సరైన ఆకారాన్నే పట్టుకునే యాంటీబాడీలు వాడి, ప్రతి కంపెనీ తన టీకాపై రెండు పరీక్షలనూ పక్కపక్కన నడిపి సరిపోల్చాలి. ఆలస్యం అక్కడే. 2023 మార్చిలో మన దేశ నిబంధనలు మార్చి జంతువులు లేని పద్ధతులను అనుమతించారు కానీ, అది కొత్త మందుల పరిశోధనకు. బ్యాచ్ పరీక్షలు ఫార్మకోపియా (మందుల ప్రమాణాల అధికారిక గ్రంథం) ప్రకారం నడుస్తాయి.

టీకా తయారీ మాత్రం చాలా మారింది. బొడ్డు చుట్టూ పొడిచే పాత ఇంజెక్షన్లు గొర్రె మెదడుతో చేసేవారు, వాటితో కొందరికి పక్షవాతమూ వచ్చేది. హైదరాబాద్ సంస్థ తయారుచేసే అభయ్‌రాబ్ టీకా వీరో కణాల్లో పెంచినది. 1962లో జపాన్‌లో ఒక కోతి మూత్రపిండం నుంచి తీసిన ఆ కణాలే నేటికీ విభజన చెందుతున్నాయి, కొత్త కోతి అక్కర్లేదు.

చర్మంలోకి వేసే పద్ధతిలో డోసులు 0, 3, 7, 28 రోజుల్లో, రెండు భుజాలకూ 0.1 మి.లీ. చొప్పున. తేదీ దాటితే మళ్లీ మొదటి నుంచి అక్కర్లేదు. వీలైనంత త్వరగా వెళ్లి ఆగిన డోసు నుంచి వేయించుకోండి.