పాపను చూసుకునే ఆమెకు ఏడాది లెక్క ముందే వేసుకోండి

హన్మకొండలో ఇంటి పనామెకు నెల జీతం, దసరాకు చీర ఇస్తే అయిపోయిందనుకుంటాం. అమెరికాలో పాప కోసం ఒకామెను పెట్టుకుంటే ఆమె చట్టప్రకారం మీ ఉద్యోగి. మనవాళ్లు తడబడేది గంట రేటు దగ్గర కాదు, క్యాలెండర్ దగ్గర.

ముందు పైసల సంగతి. గంటకు 20 డాలర్లు, వారానికి 45 గంటలు అనుకుందాం. మీ ఇంట్లో ఉండకుండా వచ్చిపోయే మనిషికి 40 గంటలు దాటిన ప్రతి గంటకు ఒకటిన్నర రెట్లు. అంటే 800, పైన ఐదు గంటలకు 150, మొత్తం 950. ఏడాదిలో ఒకరికిచ్చిన జీతం ఒక హద్దుకు (2025లో అది 2,800 డాలర్లు) చేరితే సోషల్ సెక్యూరిటీ (పింఛను), మెడికేర్ (వృద్ధుల వైద్య బీమా) పన్నులు కట్టాలి. ఆమె వాటా 7.65 శాతం, మీ వాటా మరో 7.65. మీ చేతి నుంచి వారానికి సుమారు 1,023 పోతుంది. నిరుద్యోగ బీమా పన్ను దీనికి అదనం.

అక్కడి పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ దగ్గర ఈఐఎన్, అంటే యజమాని నంబరు, ఉచితంగానే వస్తుంది. ఆమె చేరిన మూడు పనిదినాల్లో ఐ-9, అంటే పనిచేసే అర్హత చూసే ఫారం, పూర్తిచేయాలి. జనవరి నెలాఖరుకు ఆమెకు ఏడాది జీతం లెక్క చూపే డబ్ల్యూ-2 ఇవ్వాలి, మీ పన్ను రిటర్న్‌తో ఇంటి పనివాళ్ల పన్ను ఫారం షెడ్యూల్ హెచ్ పెట్టాలి. కాంట్రాక్టర్లకిచ్చే 1099 ఫారం ఇస్తే చాలంటారు కొందరు, వినకండి. పని ఎప్పుడు, ఎట్లా చేయాలో మీరే చెప్తున్నప్పుడు ఆమె కాంట్రాక్టర్ కాదు. చేతికి క్యాష్ ఇచ్చి ఊరుకుంటే, పని పోయి ఆమె నిరుద్యోగ భృతికి దరఖాస్తు పెట్టిన రోజు మీ పేరు బయటికొస్తుంది. పాత పన్ను, వడ్డీ, జరిమానా అన్నీ ఒక్కసారే మీద పడతాయి. ఆమెకు రావలసిన భృతి కూడా చిక్కుల్లో పడుతుంది.

విజిటర్ వీసా మీద వచ్చిన పక్కింటి పెద్దమ్మను, వర్క్ పర్మిట్ లేకుండా హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగి భార్యకిచ్చే) వీసా మీదున్న అక్కను జీతానికి పెట్టుకోవద్దు. వాళ్ల వీసాకే ముప్పు.

ఇక క్యాలెండర్. మేడారం జాతరకో, తమ్ముడి పెళ్లికో మీరు నాలుగు వారాలు వరంగల్ వస్తారు. ఆమె అద్దె ఆ నెల ఆగదు. మీరు ఊళ్లో లేకున్నా జీతం ఇస్తామని చేరేటప్పుడే కాగితం మీద రాయండి. మిగతా 48 వారాలు వారానికి 86 డాలర్లు పక్కన పెడితే ఆ నాలుగు వారాల ఖర్చు, మీ పన్ను వాటాతో సహా, వెళ్లిపోతుంది.

ఫ్రిజ్ తలుపుకు ఒక కాగితం అంటించండి: వచ్చిన టైం, పోయిన టైం, ఇద్దరి సంతకం. ఆఫీసు నుంచి 20 నిమిషాలు లేటయితే అవీ రాయాలి. పాప బట్టలు మడతపెట్టడం ఒప్పుకున్న పని, ఇంటిల్లిపాది బట్టలు కాదు. సంక్రాంతికి సకినాలు చుట్టడానికి సాయం అడిగారా, అదీ జీతం గంటే.

అన్నిటికన్నా అన్యాయం జరిగేది పాపను చూసుకోవడానికి అమ్మానాన్న ఆర్నెల్ల కోసం వస్తున్నారని ఆమెను మాన్పించేటప్పుడు. టికెట్ బుక్ చేసిన రోజే ఆమెకు చెప్పండి. రెండు నెలల ముందు తెలిస్తే పనికి ఇంకో ఇల్లు వెతుక్కుంటుంది. శుక్రవారం సాయంత్రం చెప్పి సోమవారం నుంచి రావద్దంటే, ఒకటో తారీఖు అద్దెకు ఆమె ఎవరిని అడగాలి?