మళ్లీ మహమ్మారి వస్తే కాలేజీ బాస్కెట్‌బాల్ సీజన్‌ను సురక్షితంగా ఆడించగలమా? 2020-21లో అమెరికాలో ఎలా ఆడారు?

ఆడించవచ్చు. ఆ సీజన్ మొత్తం కోర్టు పక్కనే నిలబడి చూశాను కాబట్టి గట్టిగానే చెప్తాను. అయితే ఒక షరతు. "నాకు ఒంట్లో బాగోలేదు" అని నోరు విప్పిన కుర్రాడికి దానివల్ల ఏ నష్టమూ రాకూడదు. టెస్టులు, మాస్కులు, ఖాళీ స్టేడియాలు అన్నీ దాని తర్వాతే.

అప్పట్లో నేను మిడ్‌వెస్ట్‌లో ఎంఎస్ చేస్తున్నాను. ఎఫ్-1 వీసా మీద చదువుకునేవాళ్లం మామూలుగా క్యాంపస్‌లోనే, సెమిస్టర్ నడిచేటప్పుడు వారానికి 20 గంటల లోపే పని చేయాలి. డైనింగ్ హాల్ మూసేసరికి నా పని పోయింది. విజయవాడ నుంచి నాన్న ఫోన్ చేసి డబ్బు పంపనా అంటే వద్దన్నాను. బాస్కెట్‌బాల్ అరీనాలో మనుషులు కావాలంటే వెళ్లి చేరాను. బంతులు తుడవడం, బెంచీ తీసేసి కుర్చీలు ఆరడుగుల దూరంలో వేయడం, స్వాబ్ గొట్టాల మీద పేర్ల స్టిక్కర్లు అంటించడం నా పని. ఇంజనీరింగ్‌లో కాలేజీ టీమ్‌కి సిమెంటు కోర్టు మీద ఆడాను కాబట్టి ఆ చెక్క కోర్టు దగ్గర పని దొరకడం నాకు పెద్ద సంతోషం.

ఆ సీజన్ ఎందుకు ఆగలేదో కూడా చెప్పాలి. అమెరికా కాలేజీ ఆటల్ని నడిపే సంస్థ ఎన్‌సీఏఏ, 2020 మార్చి 12న తన టోర్నమెంట్‌ని రద్దు చేసింది. అదే రోజు న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో సెయింట్ జాన్స్, క్రైటన్ కాలేజీల మ్యాచ్‌ను హాఫ్‌టైమ్‌లో ఆపేశారు. ఎన్‌సీఏఏ ప్రధానంగా తన టోర్నమెంట్ టీవీ హక్కుల మీదే నడుస్తుంది. ఆ ఏడాది కాలేజీలకు పంచాల్సిన 600 మిలియన్ డాలర్ల బదులు 225 మిలియన్లే పంచింది. ఇంకో ఏడాది అలా పోనివ్వరని మాకందరికీ తెలుసు. నవంబర్ 25న సీజన్ మొదలైంది. హార్వర్డ్, యేల్ లాంటి ఎనిమిది పాత ప్రైవేట్ కాలేజీల ఐవీ లీగ్ మాత్రం ఆడబోమని నవంబర్ 12నే ప్రకటించింది. వాళ్లను పిరికివాళ్లన్నవాళ్లు ఉన్నారు. నా దృష్టిలో ఆ ఏడాది అందరికంటే నిజాయతీగా మాట్లాడింది వాళ్లే.

ఇక్కడ ఇంకో మాట చెప్పకుండా ఉండలేను. క్లాసులన్నీ ఆన్‌లైన్ అయితే విదేశీ విద్యార్థులు దేశంలో ఉండకూడదని 2020 జూలై 6న అమెరికా ప్రభుత్వం నుంచి ఆదేశం వచ్చింది. హార్వర్డ్, ఎంఐటీ కోర్టుకెళ్లాక 14న వెనక్కి తీసుకున్నారు. ఆ ఎనిమిది రోజులు మా అపార్ట్‌మెంట్‌లో నలుగురం సరిగా నిద్రపోలేదు. నాలుగు నెలలు తిరిగేసరికి, క్లాసులో కూర్చోవడమే ప్రమాదమన్న చోట పదిమంది ఒకరి మొహం మీద ఒకరు రొప్పుతూ ఆడడానికి ఏర్పాట్లు జరిగిపోయాయి. ఆటగాళ్లకు వారానికి మూడు టెస్టులు. ఇండియన్ గ్రోసరీ షాపులో పొద్దున్నుంచి రాత్రిదాకా కౌంటర్లో నిలబడే మా రూమ్మేట్‌కి ఒక్క టెస్టు కావాలంటే రెండు గంటలు కార్ల లైనులో ఉండాలి. ఆ కోపం నాకు ఇప్పటికీ పోలేదు.

సరే, అసలు సంగతి. జనవరిలో ఒక శనివారం, మధ్యాహ్నం మ్యాచ్. అవతలి టీమ్ ఐదు గంటలు బస్సులో ప్రయాణం చేసి వచ్చింది. ఇంకా గంటన్నర టైముంది. నేను ర్యాక్ దగ్గర బంతులు తుడుస్తున్నాను. ఆ వైప్స్‌తో తుడిస్తే బంతికి కాసేపు జిగట పడుతుంది, అందుకని మళ్లీ పొడి టవల్‌తో రుద్దాలి. ఫస్ట్ ఇయర్ కుర్రాడొకడు, బెంచీ మీద ఉండేవాడు, కాఫీ కప్పు పట్టుకుని నా దగ్గరకు వచ్చాడు. మూత తీసి మాస్కు కిందకి లాగి వాసన చూశాడు. మళ్లీ చూశాడు. "దీనికి వాసన ఉందా?" అని అడిగాడు. నాకు మాస్కులోంచే కాఫీ గుప్పుమంటోంది. పక్కనున్న శానిటైజర్ బాటిల్ అందించాను. ముక్కు దగ్గర పెట్టుకుని తల అడ్డంగా ఊపాడు.

ముందురోజు పొద్దున టెస్టులో అతనికి నెగటివే వచ్చింది. ఆ గొట్టం మీద స్టిక్కర్ అంటించింది నేనే.

ట్రైనర్ ఇరవై అడుగుల దూరంలో ఉన్నాడు. కుర్రాడు అటు చూస్తున్నాడు, కదలడం లేదు. వాడి భయం నాకు అర్థమైంది. చెప్తే టీమ్ మొత్తం 14 రోజులు క్వారంటైన్. సీనియర్లకు నాలుగు మ్యాచ్‌లు పోతాయి, అదీ వాడి మూలంగా. "నేను వస్తా పద" అన్నాను. "వద్దు, నేనే చెప్తా" అన్నాడు. కప్పు నా బల్ల మీద పెట్టేసి నడిచి వెళ్లాడు. పావుగంటలో లైట్లు తగ్గించేశారు. అవతలి టీమ్ బస్సు వచ్చిన దారినే వెనక్కి వెళ్లిపోయింది. ఆ కప్పు నేనే తీసి పారేశాను, ఇంకా వేడిగానే ఉంది.

మర్నాడు జూమ్‌లో కోచ్ మాట్లాడింది రెండు నిమిషాలే, మా వర్కర్లను కూడా వినమన్నారు. "వాడి స్థానం వాడిదే. రేపు మీలో ఎవరికి తలనొప్పి వచ్చినా అర్ధరాత్రైనా నాకు ఫోన్ చేయండి" అన్నారు. ఆ తర్వాత సీజన్ అయ్యేలోపు ముగ్గురు వాళ్లంతట వాళ్లే చెప్పారు. అందులో ఒకరికే పాజిటివ్. అదీ ప్రాక్టీసుకు రాకముందే తెలిసింది కాబట్టి ఇంకెవరికీ అంటలేదు. అదే క్యాంపస్‌లో ఇంకో ఆట టీమ్ ఉండేది. ఎవరివల్ల మ్యాచ్ పోతే వాళ్ల సంగతి గుర్తుంటుందని అక్కడి కోచ్ అన్నాడట. గొంతు నొప్పి వచ్చిన ఒకడు టైలెనాల్ (పారాసెటమాల్ మాత్ర) వేసుకుని అందరితో పాటు బస్సెక్కాడు. వారం తిరక్కుండా తొమ్మిది మంది పాజిటివ్. టెస్టులు రెండు చోట్లా ఒకటే, నియమాలూ ఒకటే.

సీజన్ చివర జరిగే ఎన్‌సీఏఏ టోర్నమెంట్ కూడా చూడండి. 2021లో పురుషుల టీమ్‌లు 68 ఇండియానాలోనే, ఎక్కువగా ఇండియానాపొలిస్‌లో ఆడాయి. వెళ్లేముందు వరసగా ఏడు నెగటివ్‌లు, అక్కడ రోజూ టెస్టు, ఒక్కొక్కరికి ఒక్కో గది. అంత చేసినా వీసీయూ (వర్జీనియా కామన్వెల్త్ యూనివర్సిటీ) టీమ్‌లో పాజిటివ్‌లు వచ్చి ఒరెగాన్‌తో మ్యాచ్ కొన్ని గంటల ముందు రద్దయింది. 67 మ్యాచ్‌లకు 66 జరిగాయి కాబట్టి విజయమే అంటారు, నేనూ కాదనను. కానీ టెక్సస్‌లోని శాన్ ఆంటోనియోలో మహిళల టోర్నమెంట్ ఆడిన అమ్మాయిలకు ఏం ఇచ్చారు? జిమ్ పేరుతో ఒక చిన్న డంబెల్స్ ర్యాక్. మగవాళ్లకు ఎక్కువ కచ్చితమైన పీసీఆర్ టెస్టులు, అమ్మాయిలకు రోజూ అంత కచ్చితం కాని యాంటిజెన్ టెస్టులు. స్టాన్‌ఫర్డ్ అమ్మాయిలు తమ కౌంటీ (జిల్లా)లో ఆడనివ్వక వారాల తరబడి హోటళ్లలో గడిపి, ఫైనల్లో అరిజోనా మీద 54-53తో గెలిచారు. ఆ సీజన్లో నాకు బాగా నచ్చిన టీమ్ అదే.

ఇక మా వర్కర్ల సంగతి. ఫిబ్రవరిలో నాకూ గొంతు నొప్పి వచ్చింది. మాది గంటల లెక్కన జీతం, సెలవు పెడితే పైసా రాదు. ఆ నెల అద్దె కట్టాలి. రాత్రి పదకొండుకు ఫోన్ తీసి సూపర్‌వైజర్ నంబర్ తెరిచి మళ్లీ మూసేశాను, రెండు సార్లు. ఆ కాఫీ కప్పు కళ్లముందు ఉంది కాబట్టి చివరికి చెప్పాను. నెగటివ్ వచ్చింది, నాలుగు షిఫ్టుల డబ్బు పోయింది. నాతో పాటు బంతులు తుడిచే ఇంకో అబ్బాయి ఆ నెలంతా దగ్గుతూనే వచ్చాడు. ఎందుకు చెప్పవని నేను అడగలేదు, నాకు తెలుసు కాబట్టి.

మీరు రేపు ఎక్కడైనా ఇలాంటి సీజన్ నడపాల్సి వస్తే టెస్టు కిట్లు కొనేముందు ఒక కాగితం రాయండి. ఒంట్లో బాగోలేదని చెప్పిన ఆటగాడికి స్కాలర్‌షిప్ పోదు, టీమ్‌లో స్థానం పోదు. బంతులు తుడిచేవాడికి, బస్సు నడిపేవాడికి ఆ రోజుల జీతం పోదు. కింద కోచ్ సంతకం, కాలేజీ సంతకం పెట్టించి లాకర్ రూమ్ తలుపుకి అంటించండి.